'తినేవాణ్ణి' అని స్పానిష్‌లో ఎలా అంటారు?

ఈ రెండు వాక్యాలు చూడండి.

"చిన్నప్పుడు రోజూ తినేవాణ్ణి."
"ఆకలిగా ఉంటే తినేవాణ్ణి."

మొదటిది జరిగిన సంగతి. రెండోది జరగని సంగతి. ఆకలి లేదు, తినలేదు. తెలుగులో రెంటికీ ఒకటే మాట సరిపోయింది. స్పెయిన్, మెక్సికో, పెరూ దేశాల్లో మాట్లాడే స్పానిష్ భాషలో మాత్రం రెండూ వేరు. 'అలా ఐతే ఇలా జరిగేది' అని చెప్పే రూపాన్ని మనం షరతు రూపం అందాం.

స్పానిష్ క్రియలు మూడు గుంపులు. చివర ఆర్, ఎర్, ఇర్ అని ఉంటుంది. కంతార్ అంటే పాడడం, కొమేర్ అంటే తినడం, బిబీర్ అంటే బతకడం. 'తింటున్నాను' లాంటివి చెప్పాలంటే ఈ తోక కోసేసి వేరే తోక తగిలించాలి. గుంపు గుంపుకీ తేడా ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళు బెదిరిపోతారు. షరతు రూపంలో ఆ బాధ లేదు. ఏమీ కోయకూడదు! మాట మొత్తం ఉంచి, దాని చివర తోక కలపాలి. మూడు గుంపులకీ అవే తోకలు.

నేను – కొమెరీయ
నువ్వు – కొమెరీయస్
అతను, ఆమె – కొమెరీయ
మనం, మేము – కొమెరీయమొస్
మీరందరు (స్పెయిన్‌లో, చనువుగా) – కొమెరీయైస్
వాళ్ళు – కొమెరీయన్

ఆడ, మగ తేడా లేదు. 'తినేవాణ్ణి' అన్నా 'తినేదాన్ని' అన్నా కొమెరీయే. పెద్దవాళ్ళని 'మీరు' అనడానికి 'ఉస్తెద్' అనే మాట ఉంది. దానికి 'అతను' వరస రూపమే వాడాలి: ఉస్తెద్ కొమెరీయ.

ఎందుకు కోయకూడదు? దానికో కారణం ఉంది. పూర్వం లాటిన్ మాట్లాడిన జనం 'తినుట' అనే మాట పక్కన 'కలిగి ఉంటిని' అనే మాట చేర్చి చెప్పేవారు. రానురాను ఆ రెండో మాట అరిగిపోయి, మొదటి దానికి తోకలాగా అంటుకుపోయింది. మొదటి మాట మొత్తంగా మిగిలింది. ఈ సంగతి తెలిస్తే బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

పొరపాటున 'ఎర్' కోసేశారనుకోండి, 'కొమీయ' అవుతుంది. అదీ సరైన మాటే, కానీ అర్థం 'రోజూ తినేవాణ్ణి' అని! తినని అన్నం తిన్నట్టు అయిపోతుంది. కాబట్టి జాగ్రత్త.

సుమారు డజను క్రియలు దారి తప్పుతాయి. తెనేర్ (కలిగి ఉండడం) 'తెంద్రీయ' అవుతుంది. వాటిలో కూడా ముందు భాగమే మారుతుంది, తోకలు మారవు.

ఈ రూపానికి ఇంకో మంచి గుణం ఉంది, మర్యాద. గుస్తార్ అంటే నచ్చడం. 'మే గుస్తరీయ కొమేర్' అంటే "తినాలని ఉందండి" అని మెత్తగా అడిగినట్టు.

ఇప్పుడు మీ వంతు. బెబేర్ అంటే తాగడం. ఆరు రూపాలూ రాయండి చూద్దాం. మొదటిది నేనే ఇస్తున్నా: బెబెరీయ. మిగతా ఐదూ మీవే!