చవకది ఖరీదు... ఖరీదైనదే చవక!

రెండూ జపాన్ బండ్లే. రెండింటి ఇంజినూ నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరిగేదే. హోండా ఎస్2000, మజ్దా ఆర్ఎక్స్-8... అమెరికా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మంచి కండిషన్‌లో ఉన్న మొదటిది కొత్తప్పటి ధర పలుకుతుంటే, రెండోది అందులో మూడో వంతుకే వచ్చేస్తోంది. మరి ఏది కొనాలి?

అమెరికాకు చదువుకోడానికి వెళ్లిన తెలుగు కుర్రాడు మొదట కొనేది ఏ పాత కరోలానో, సివిక్కో. ఉద్యోగమొచ్చి, లోను తీరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలయ్యాకే అసలు మోజు బయటపడుతుంది. చాలామందికి అది అంటుకున్నది సినిమాహాల్లోనే. 2003లో వచ్చిన ‘2 ఫాస్ట్ 2 ఫ్యూరియస్’లో దూసుకెళ్లిన గులాబీరంగు కారు ఎస్2000. 2006 నాటి ‘టోక్యో డ్రిఫ్ట్’లో నాయిక నడిపింది ఆర్ఎక్స్-8. ఈ రెండింటినీ కంపెనీలు మన దేశంలో అమ్మలేదు. తెప్పించుకుందామన్నా, మూడేళ్లు దాటిన పాతకారు దిగుమతికి మన నిబంధనలు ఒప్పుకోవు. అందుకే ఆ సరదా అక్కడుండగానే తీర్చుకోవాలనుకుంటారు. చిక్కల్లా ఎంపిక దగ్గరే.

ఆరు వేలు దాటాకే అసలు ఆట

హోండా కంపెనీ తన యాభయ్యో ఏటిని గుర్తుచేసుకుంటూ తెచ్చిన కారు ఎస్2000. 1999లో అమ్మకానికొచ్చింది. ఎన్ఎస్ఎక్స్ సూపర్‌కారుకు సారథ్యం వహించిన షిగెరు ఉయెహరాయే దీనికీ చీఫ్ ఇంజినీర్. ఇంజిన్ 1,997 సీసీ మాత్రమే. టర్బో లేదు. అయినా అమెరికా మోడల్‌కు 240 హార్స్‌పవర్ ఇచ్చింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఊసే లేదు, ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే.

తాళంచెవి తిప్పి, డ్యాష్‌బోర్డు మీదున్న ఎర్ర బటన్ నొక్కితే ఇంజిన్ మేలుకుంటుంది. ఆరు వేల ఆర్‌పీఎం దాకా బుద్ధిమంతుడిలానే ఉంటుంది. ఆ గీత దాటగానే వీటెక్ పద్ధతిలో రెండో రకం కామ్ అందుకుంటుంది, వాల్వులు మరింతగా తెరుచుకుంటాయి, శబ్దం మారిపోతుంది. తొమ్మిది వేలకు చేరేలోపు జరిగే ఆ కాసేపటి హడావిడి కోసమే జనం ఇంత డబ్బు పోస్తున్నారు.

2004లో అమెరికా మోడల్‌కు ఇంజిన్‌ను 2,157 సీసీకి పెంచారు. రెడ్‌లైన్ ఎనిమిది వేలకు తగ్గింది గానీ మామూలు వేగాల్లో లాగుడు పెరిగింది. తొలి మోడళ్లకు మలుపుల్లో వెనక చక్రాలు ఉన్నట్టుండి జారే గుణం ఉండేది. సస్పెన్షన్ మార్చి దాన్ని తగ్గించారు. 2006 నుంచి స్టెబిలిటీ కంట్రోల్ కూడా చేర్చారు. ఉత్పత్తి ఆగిపోయింది 2009లో. ఇక రాని బండి కాబట్టే ధర పైకెక్కింది.

పిస్టన్ లేని ఇంజిన్

ఆర్ఎక్స్-8 కథ హిరోషిమాలో మొదలైంది. జర్మన్ ఇంజినీర్ ఫెలిక్స్ వాంకెల్ ఆలోచించిన రోటరీ ఇంజిన్‌ను పెద్ద పెద్ద కంపెనీలు పట్టుకుని వదిలేస్తే, కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది మజ్దా ఇంజినీర్లు దాన్ని దారికి తెచ్చారు. 1967లో కాస్మో స్పోర్ట్‌తో రోడ్డెక్కించారు. 1991లో రోటరీ ఇంజిన్‌తోనే మజ్దా 787బి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. ఆ రేసు గెలిచిన తొలి జపాన్ కంపెనీ అదే.

ఆ వంశంలోదే 2003లో వచ్చిన ఆర్ఎక్స్-8. పిస్టన్లకు బదులు రెండు త్రికోణపు రోటార్లు తిరుగుతాయి. 1.3 లీటర్ల ఇంజిన్ మాన్యువల్ మోడల్లో 230 పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తుంది. కుదుపనేదే ఉండదు. రెడ్‌లైన్ దగ్గరపడుతోందని డ్రైవరుకు తెలియక, బీప్ కొట్టి మరీ హెచ్చరించాల్సి వచ్చింది! పైగా నాలుగు సీట్లు. వెనక తలుపులు ఎదురు దిక్కుకు తెరుచుకుంటాయి. పిల్లల సీటు పడుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే వాళ్లనూ ఎక్కించుకోవచ్చు. రెండే సీట్ల ఎస్2000లో ఆ మాటే లేదు.

మరి ఇంత చవకెందుకు? రోటార్ కొసల్లో ఉండే ఎపెక్స్ సీళ్లవల్ల. అవి అరిగితే కంప్రెషన్ పడిపోతుంది, ఇంజిన్ విప్పక తప్పదు. అవి అరగకుండా ఈ ఇంజిన్ తనంతట తానే కొంచెం ఆయిల్‌ను లోపలికి చిమ్ముకుని కాల్చేస్తుంది. రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారైనా ఆయిల్ మట్టం చూసుకోవాలి. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, గ్యారేజీలోంచి వాకిట్లోకి తెచ్చి వెంటనే ఆపేస్తే, లోపల పెట్రోలు నిండి మళ్లీ స్టార్టవకపోవచ్చు. ఫిర్యాదులు పెరిగాక మజ్దా అమెరికాలో ఈ ఇంజిన్ వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పొడిగించింది. ఆ గడువు ఏనాడో ముగిసింది. ఇంజిన్ మళ్లీ కట్టించాలంటే వేల డాలర్లు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటే ఇదే.

ఏం చూడాలి?

ఆర్ఎక్స్-8 అయితే ముందు అడగాల్సింది రోటరీ కంప్రెషన్ టెస్టు. మామూలు గేజి పనికిరాదు, రోటార్ మూడు ముఖాల్లో ఎక్కువున్నదే అది చూపిస్తుంది. రోటరీ టెస్టరును స్పార్క్ ప్లగ్ స్థానంలో బిగించి, వేడెక్కిన ఇంజిన్‌ను స్టార్టరుతో తిప్పితే, రెండు రోటార్లకు కలిపి ఆరు అంకెలొస్తాయి. 250 ఆర్‌పీఎం దగ్గర ఏదీ 680 కిలోపాస్కల్స్‌కు తగ్గకూడదు, ఆరూ దగ్గరదగ్గరగా ఉండాలి. టెస్ట్ డ్రైవ్‌లో బండి బాగా వేడెక్కాక ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి. మొరాయిస్తే సీళ్లు అరిగినట్టు అనుమానించాల్సిందే. ఇగ్నిషన్ కాయిల్స్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి.

ఎస్2000 దగ్గర భయం వేరు. అయిదో గేరులోంచి నాలుగుకు దించబోయి రెండులో వేస్తే, ఇంజిన్ హద్దుమీరి తిరుగుతుంది. తొలి మోడళ్లలో ఆ దెబ్బకు వాల్వ్ రిటైనర్లు చిట్లుతాయి. అది వెంటనే బయటపడకపోవచ్చు. అందుకే వాల్వ్ కవర్ తీయించి చూపించమనండి. రెండో గేరు పడేటప్పుడు గరగరమంటోందా, గుడ్డ టాపు అంచులు చిరిగాయా, ఛాసిస్‌కు యాక్సిడెంటు రిపేరు జరిగిందా అన్నవీ చూడాలి. టర్బోలు బిగించి, సస్పెన్షన్ కోసేసిన బండి ఎంత ముద్దొచ్చినా వద్దు.

మా తీర్పు

ఇంట్లో కుటుంబానికి వేరే కారుండి, బడ్జెట్ అందితే 2006 తర్వాతి ఎస్2000 కొనండి. ఎక్కువ పెట్టినట్టనిపించినా, బాగా చూసుకుంటే అమ్మేటప్పుడు చాలావరకు తిరిగొస్తుంది. నాలుగు సీట్లు కావాలి, బడ్జెట్ తక్కువ అంటే ఆర్ఎక్స్-8 తీసుకోవచ్చు. కానీ కంప్రెషన్ రిపోర్టు చేతిలో ఉండాలి, ఇంజిన్ రిపేరుకయ్యే డబ్బు విడిగా బ్యాంకులో ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ బేరం వదిలేయండి. ఏ బండికైనా మెకానిక్‌కు ఇచ్చే తనిఖీ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం చూపకండి. రిపోర్టు వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.