సైనిక వికలాంగ పింఛను – బహుళ ప్రయోజనాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వికలాంగతతో విశ్రాంతి పొందిన సైనికుడు ఏకకాలంలో ఒకటికి మించిన ప్రభుత్వ ప్రయోజనాలు పొందడం న్యాయమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వ్యవహారంలో ‘పింఛను’ అన్న ఒకే మాట మూడు భిన్నార్థాలను మోయడం ఈ వివాదానికి ఒక మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సైనిక పింఛను, వికలాంగత, పరిహారం, సంక్షేమం, ఉత్తరాంధ్ర.

ప్రవేశిక:
కిరండూల్ రైలుమార్గం మొదలయ్యే కూడలిగా కొత్తవలస ప్రసిద్ధం. విజయనగరం జిల్లాలోని ఈ ప్రాంతంలో సైన్యంలో పనిచేసి వచ్చినవారి గురించి తరచు వినిపించే మాట ఒకటుంది: “మిలట్రీ పింఛనొస్తంది, మళ్లీ ఉద్యోగమూ ఉంది, ఇంకేటి లోటు?” ఇందులో అసూయ కొంత ఉండవచ్చు. అయితే ప్రశ్న మాత్రం అసంబద్ధమైనది కాదు. ప్రజాధనం నుంచి ఒకే వ్యక్తికి రెండు మూడు మార్గాల్లో సొమ్ము అందుతున్నప్పుడు దాని ఔచిత్యాన్ని అడిగే హక్కు పౌరులకు ఉంది.

ఒక మాట – మూడు అర్థాలు:
గ్రామ సచివాలయం పరిధిలో ‘పింఛను’ అంటే ప్రతి నెలా మొదటి తేదీన ఇంటికి వచ్చి ఇచ్చే సామాజిక భద్రతా మొత్తం. దీనికి ఆధారం పేదరికం. విశ్రాంత ఉద్యోగికి అదే మాట గతసేవకు ప్రతిఫలం. అది ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని, ఉద్యోగి చేసిన సేవతో ఆర్జించుకున్న హక్కని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో నకారా కేసులో స్పష్టం చేసింది. ఇక మూడవది, సేవాకాలంలో శరీరానికి కలిగిన నష్టానికి పరిహారం. సైనికుని వికలాంగ పింఛనులో రెండవ, మూడవ అర్థాలు కలిసి ఉంటాయి. సేవకు చెల్లించే భాగాన్ని సర్వీస్ ఎలిమెంట్ అని, వికలాంగతకు చెల్లించే భాగాన్ని డిజేబిలిటీ ఎలిమెంట్ అని నిబంధనలు విడదీశాయి. తెలుగులో ఈ విభజనకు స్థిరపడిన పదాలు లేవు. అందుకే వినేవారికి రెండూ ఒకే సంచిలోని సొమ్ముగా తోస్తాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పూర్తి సేవాకాలం ముగించిన ఒక జవాను చివరి వేతనం 40,000 రూపాయలు. వికలాంగత 30 శాతం. వేతనంలో సగం, అంటే 20,000, సేవాభాగం. నూరుశాతం వికలాంగతకు వేతనంలో 30 శాతం చొప్పున లెక్కించి, దానిని వికలాంగతా శాతానికి తగ్గట్టు తగ్గిస్తారు. యథాతథంగా లెక్కిస్తే 3,600 రావాలి. కాని బ్రాడ్ బ్యాండింగ్ పద్ధతిలో 50 కన్నా తక్కువ వికలాంగతను 50గానే పరిగణిస్తారు కనుక 6,000 వస్తుంది. 1996 నుంచి ఈ సౌకర్యం వికలాంగత కారణంగా సేవ నుంచి తొలగించబడినవారికే ఉండేది. పూర్తికాలం పనిచేసి విరమించినవారికీ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి దివ్యాంగులకు ఇస్తున్న సామాజిక పింఛను కూడా 6,000 రూపాయలే. ఈ అంకెల కలయిక యాదృచ్ఛికం. కాని పొరుగింటివానికి రెండూ ఒకటే ‘వికలాంగుల పింఛను’. నిజానికి కొలతలే వేరు. సైనిక వైద్యమండలికి 20 శాతం చాలు. సదరం ధ్రువపత్రంతో సామాజిక పింఛను పొందడానికి 40 శాతం కావాలి. బ్రాడ్ బ్యాండింగ్ వల్ల వచ్చిన 50 శాతం సొమ్ము లెక్కకే తప్ప సదరం శిబిరంలో పనికిరాదు.

పునరుద్యోగం, కుటుంబ పింఛను:
ప్రభుత్వరంగ బ్యాంకుల గుమస్తా స్థాయి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఇందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించినవారి ఆశ్రితులకు ఉద్దేశించినది. కేంద్రప్రభుత్వ పునర్నియామకంలో ఆఫీసరు కన్నా దిగువ హోదావారి వేతన నిర్ణయానికి సైనిక పింఛనును లెక్కలోకి తీసుకోరు. జవానులు చిన్నవయసులోనే, పిల్లల చదువులు సాగుతుండగానే, విరమించవలసి వస్తుంది. రెండవ జీతం రెండవ శ్రమకు దక్కేది. దానిని ‘అదనపు లబ్ధి’ అనడం సరికాదని నా అభిప్రాయం. వితంతువుల విషయంలో మాత్రం ఈ న్యాయం ఆలస్యంగా అమలైంది. భర్త సైనిక, పౌరసేవలు రెండూ చేసినా రెండు కుటుంబ పింఛన్లలో ఒకదానినే ఎంచుకోవలసి వచ్చేది. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ పొందే వీలు కలిగింది.

అమెరికా అనుభవం ఇక్కడ పోల్చదగినది. 1891 నాటి చట్టం అక్కడ ద్వంద్వ చెల్లింపును నిషేధించింది. వికలాంగ పరిహారం ఎంత తీసుకుంటే విశ్రాంతి వేతనం అంత తగ్గేది. 2004 నుంచి ఇరవై ఏళ్ల సేవ, 50 శాతం వికలాంగత ఉన్నవారికి ఈ కోతను దశలవారీగా ఎత్తివేశారు. గాయంవల్ల ఇరవై ఏళ్లకు ముందే వెనుదిరిగినవారికి సాధారణంగా ఈ సడలింపు వర్తించలేదు. ఎక్కువ నష్టపోయినవానికే తక్కువ రక్షణ! మన వ్యవస్థ ఈ ఒక్క విషయంలో మెరుగు. వికలాంగతతో తొలగింపబడిన జవానుకు పదిహేనేళ్ల కనీస సేవానిబంధన లేకుండానే సేవాభాగం లభిస్తుంది.

అభ్యంతరాలు:
ఇంతమాత్రాన అన్ని చెల్లింపులూ నిర్వివాదమని కాదు. రక్తపోటు, మధుమేహం వంటి జీవనశైలి వ్యాధులతో వికలాంగ పింఛను పొందుతున్నవారిలో, అందునా ఆఫీసర్లలో, నిష్పత్తి ఎక్కువగా ఉందని కాగ్ ఆక్షేపించింది. 2023 సెప్టెంబరులో రక్షణశాఖ కొత్త అర్హతా నియమాలు తెచ్చింది. మరోవైపు, చేరినప్పుడు నమోదుకాని వ్యాధి తర్వాత బయటపడితే అది సేవవల్ల కాదని నిరూపించే బాధ్యత సైన్యానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసు తేల్చింది. ఈ రెంటి మధ్య ఘర్షణ ఉంది. అది ‘ఎవరు అర్హులు’ అన్న ప్రశ్నకు సంబంధించినది. అర్హుడైనవాడు రెండు భాగాలూ పొందవచ్చునా అన్నది వేరు ప్రశ్న. చర్చల్లో ఈ రెండూ తరచు కలిసిపోతున్నాయి.

పేదరికం ఆధారమైన సామాజిక పింఛను సైనిక పింఛనుదారునికి దక్కకపోవడం న్యాయమే. చిక్కంతా కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకోవడంలో ఉంది. ఇంట్లో ప్రభుత్వ పింఛనుదారు ఉంటే మిగిలినవారికి సామాజిక పింఛను రాదన్నది నియమం. కాలు పోగొట్టుకున్న కొడుకు పరిహారం అందుకుంటుంటే, అదే ఇంటి కార్డులో పేరున్న వృద్ధురాలైన తల్లి అనర్హురాలవుతుంది. కొడుకు అందుకునేది ఆదాయమా, పోయిన కాలికి బదులా అని ఆ దరఖాస్తులో ఏ గడీ అడగదు.