రచనకును కరారు వలయును

పోచారము జలాశయము 1922లో పూర్తియైనది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతముల వరిమళ్లకు దాని నీరే ఆధారము. అచ్చటి రైతు తన పొలమును కౌలున కిచ్చునపుడు ఏ మడి, ఎన్ని పంటలు, కౌలెంత, ఎప్పుడు చెల్లింపవలెను అను నాలుగు మాటలు ముందుగా తేల్చుకొనక దుక్కి దున్ననిచ్చునా? కౌలున కిచ్చినంతనే పొలము పరులది కాదుగదా! ఈ యెఱుక మన రచనల విషయమున నేల లేకుండవలెను?

ఇంటిపనులు ముగిసి, పిల్లలు నిద్రించిన పిమ్మట కూర్చుండి కథయో, వ్యాసమో, అనువాదమో వ్రాసి పంపెదము. అది అచ్చగును. బంధువులు మెచ్చుకొందురు. పారితోషికము మాత్రము రాదు. అడుగుటకు సంకోచము. తెగించి అడిగినను, "ఎంత యిచ్చెదమంటిమి?" అని వా రెదురడిగినచో చూపుటకు కాగితము లేదు.

నోటిమాట చెల్లదని కాదు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము ననుసరించి నోటి యొప్పందమును చెల్లును. దానిని రుజువు చేయుటయే కష్టము. ఇక 1957 నాటి కాపీరైటు చట్టము మనకు మఱింత అండ. ఒకరి కొలువున నుండక విడిగా వ్రాయు రచయిత్రియే సాధారణముగా తన రచనకు తొలి హక్కుదారు. ఆ హక్కును ఇతరులకు బదిలీ చేయవలెనన్న వ్రాతమూలకముగా, సంతకముతో చేయవలెను. ఏ రచన, ఏ హక్కు, ఎంత కాలము, ఏ ప్రాంతము, ప్రతిఫల మెంత అనునవి అందు తెలుపవలెను. కాలము చెప్పనిచో 5 సంవత్సరములుగాను, ప్రాంతము చెప్పనిచో భారతదేశము వఱకే గాను చట్టము భావించును.

సంతకము చేసిన సర్వమును పోవునని భయపడ నక్కఱలేదు. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవలను చలనచిత్రమున వికృతము చేసిరని న్యాయస్థానమున కేగినది. హక్కులను బదిలీ చేసినను, కృతిని చెఱచినపుడు ఆక్షేపించు అధికారము రచయిత్రికి మిగిలియే యుండునని 1986లో ఢిల్లీ హైకోర్టు తెలిపెను. అయినను "సర్వహక్కులు" అను మాట కనబడినచో చదువక సంతకము చేయరాదు.

కావున రచన పంపుటకు ముందే సంపాదకులకు చిన్న లేఖ వ్రాయుడు: "దీనిని ఒక్క పర్యాయము ముద్రించుకొనుటకు మాత్రమే యిచ్చుచున్నాను. పారితోషికము ఇన్ని రూపాయలు. అచ్చయిన 30 దినములలో చెల్లింపవలెను. పుస్తక, అనువాద, చలనచిత్ర హక్కులు నావే." వారి సమ్మతి ఉత్తరముగా వచ్చినను, ఈమెయిలుగా వచ్చినను భద్రపఱచుడు. పెద్ద పనియైనచో కొంత సొమ్ము ముందుగా కోరుడు. గడువు దాటినచో మర్యాదగా, వ్రాతమూలకముగానే జ్ఞాపకము చేయుడు. చేసిన పనికి సొమ్ము రాబట్టు దావాకు సాధారణముగా 3 సంవత్సరములే గడువు. సంకోచముతో కాలము గడపరాదు.

కౌలు అడిగిన రైతును ఆశపోతని ఎవ్వరు నందురు? మన కష్టమునకు ఫల మడుగుటయు నట్టిదే.