చేతులు తిమ్మిరెక్కుతున్నాయా?

క్రూయిజర్ మోటారు సైకిలు మీద గంటసేపు ప్రయాణం చేసి దిగేసరికి మీ వేళ్ళు మొద్దుబారుతున్నాయా? నరాల బలహీనత అనుకుని టానిక్కులు కొనకండి. ముందు హ్యాండిల్ సంగతి చూడండి.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే సాధారణంగా అల్నార్ నరం నలుగుతోందన్నమాట. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు అయితే మణికట్టు మధ్యగా పోయే మీడియన్ నరం.

భుజాలకంటే ఎత్తుగా లేచే హ్యాండిల్ దర్జాగానే ఉంటుంది. కాని చేతులు అలా ఎత్తి ఉంచితే భుజాలు లాగుతాయి, వేళ్ళకు రక్తం సరిగా అందదు. తిన్నగా, దూరంగా ఉన్న హ్యాండిల్ అయితే అందుకోవడానికి ముందుకు వంగాలి. అసలే క్రూయిజర్‌లో కాళ్ళు ముందుకు చాపి కూర్చుంటారు. గోతుల దెబ్బంతా నడుముకే!

స్టాండు వేసిన బండిమీద మామూలుగా కూర్చోండి. మోచేతులు కొద్దిగా వంగి, మణికట్టు తిన్నగా ఉండి, పిడికిళ్ళు భుజాలకు దిగువనే ఉంటే అదే మీకు తగిన హ్యాండిల్. స్నేహితుడికి నప్పింది మీకు నప్పాలని లేదు.

మార్పించాక, ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పండి. రొద పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోందన్నమాట. సరిచేయించకుండా నడపకండి.

ఇంత చేసినా తిమ్మిరి తగ్గకపోతే, బ్రేకు మీద పట్టు సడలుతుంటే డాక్టరుకు చూపించుకోండి. షుగరు పరీక్ష కూడా చేయించండి.