ఇద్దరే మిగిలిన జట్టులోకి ఎవరొస్తరు?

మా బిడ్డ కొడుకు అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీల చదువుతుండు. ఫోన్ల చదువుకంటె ఆటల ముచ్చటే ఎక్కువ.

అక్కడ కాలేజీలు కూటములు కట్టి ఆడుతయి. 1915లో పుట్టిన పాక్-12 కూటమిలో పన్నెండు కాలేజీలుండె. టీవీ పైసలు వేరేకాడ ఎక్కువని 2024లో పది వెళ్లిపోయినయి. మిగిలింది మావాని కాలేజీ, ఓరెగన్ స్టేట్.

ఫుట్‌బాల్ కూటమి నిలవాలంటె ఎనిమిది కావాలె. ఇగ ఎవరొస్తరని ఒకటే ఊహలు. మెంఫిస్, టులేన్ వస్తయన్నరు, రాలేదు. బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్‌తో కలిపి ఐదు ఒప్పుకున్నయి. గొంజాగా కూడా ఒప్పుకుంది గాని దానికి ఫుట్‌బాల్ లేదు, ఈ లెక్కకు రాదు. ఏడు దగ్గర ఆగింది. 2025 జూన్ ఆఖరున టెక్సాస్ స్టేట్ సరేనంది. ఎనిమిదైనయి. 2026 నుంచి కొత్త కూటమి.

ముంబైల 1982 సమ్మె తర్వాత మా మిల్లు మూతపడితే మేమూ ఇట్లనే ఎదురుచూసినం. ఫలానా సేటు కొంటడట, మళ్లా భోంగా మోగుతదట అని గేటుకాడ రోజుకో మాట. ఆ మాటల మీద ఇంకో పని వెతుక్కోక రెండేండ్లు పోగొట్టుకున్న. ఎవరూ రాలే.

అందుకే మనవనికి ఒకటే చెప్పిన: వస్తరన్న మాట కాదు, సంతకం పడ్డదా చూడు బిడ్డా.