చుట్ట ఒకరిది, దగ్గు మరొకరిది

పిల్లలూ! వంటింట్లో అమ్మ పోపు వేస్తూ ఉండగా ఎండుమిరపకాయలు కాస్త మాడినవనుకోండి. ఏమవుతుంది? వసారాలో పడక కుర్చీలో ఉన్న తాతయ్య దగ్గుతాడు. పాఠం చదువుకుంటున్న మీరు తుమ్ముతారు. ఉయ్యాలలో చంటిపాప ఏడుపు లంకించుకుంటుంది. పొయ్యి దగ్గిర ఉన్నది అమ్మ ఒక్కతే, ఘాటు మాత్రం ఇంటిల్లిపాదికీ అందింది!

తాతయ్య చుట్ట ముట్టిస్తే ఆ పొగ కూడా ఇలాగే ఇల్లంతా తిరుగుతుంది. ఐతే ఒక తేడా ఉన్నది. మిరపకాయల ఘాటు అందరినీ హెచ్చరించి మరీ పోతుంది. పొగాకు పొగ పలచబడితే కంటికి కనిపించదు, దగ్గు కూడా రాకపోవచ్చు. కాని అది మన ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుంది.

చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్టు అయినా పొగ రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, తాగేవాడు పీల్చి వదిలేది. రెండవది, వేళ్ళ మధ్య ఊరికే కాలుతున్న కొస నుంచి లేచేది. పక్కవాళ్ళకు ఎక్కువగా చేరేది ఈ రెండవదే. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నవని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. వాటిలో సుమారు 70 కేన్సరు కలిగించేవి. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కూడా అందులో ఉన్నది. రక్తంలో ప్రాణవాయువు కూచోవలసిన పీట మీద అది ఎక్కి కూచుంటుంది.

పెద్దవాళ్ళు ఊరికే కూచున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలుస్తారు. చంటిపిల్లలు 30 సార్లకు పైగా పీలుస్తారు. పైగా, పొగ వచ్చిందని పాప లేచి బయటికి పోలేదు. ఇలాంటి ఇళ్ళలో పిల్లలకు ఉబ్బసం ముదరటమూ, న్యుమోనియా, చెవి జబ్బులు ఎక్కువగా రావటమూ వైద్యులు గమనించారు.

జపానులో హిరయామా అనే శాస్త్రజ్ఞుడు, పొగతాగని 91,540 మంది గృహిణుల విషయం 14 సంవత్సరాలపాటు పరిశీలించి, 1981లో ఒక సంగతి బయటపెట్టాడు. భర్త ఎంత ఎక్కువగా సిగరెట్లు కాలిస్తే, భార్య ఊపిరితిత్తుల కేన్సరుతో చనిపోయే ప్రమాదం అంత ఎక్కువ! మొదట కొందరు దీన్ని ఒప్పుకోలేదు. తరవాత ఇతర దేశాలలో జరిగిన పరిశోధనలు కూడా ఆ ప్రమాదాన్నే రుజువు చేశాయి.

మన దేశంలో 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బస్సుల్లో, రైళ్ళలో, ఆసుపత్రుల్లో, సినిమా హాళ్ళలో పొగతాగితే జరిమానా. కాని ఆ చట్టం మన ఇంటి గడప దాటి లోపలికి రాదు. అక్కడ కాపలా మనదే.

"కిటికీ తీశానుగా, పంకా వేశానుగా!" అంటారు కొందరు. అది చాలదు. పంకా పొగను గదంతా తిప్పుతుందే గాని పోగొట్టదు. అసలు ఇంట్లో చుట్ట వెలిగించకపోవటమే సరి అయిన ఉపాయం.

మరి పెద్దవాళ్ళతో ఎలా చెప్పటం? చుట్టలు దాచకండి, నలుగురిలో ఎగతాళి చెయ్యకండి. తాతయ్య చెడ్డవాడు కాడు. ఎన్నో ఏళ్ళ నాటి అలవాటు, పొగాకులోని నికొటిన్ ఆయనను పట్టుకుని వదలటం లేదు. ఆయన తీరికగా ఉన్నప్పుడు పక్కన చేరి, "తాతయ్యా, పాప రాత్రంతా దగ్గుతున్నది. చుట్ట దూరంగా, పెరట్లో చింతచెట్టు కింద కాల్చుకుంటావా?" అని అడగండి. ఇంటికి వచ్చిన చుట్టం సిగరెట్టు ముట్టిస్తే, పాపను ఎత్తుకుని మీరే బయటికి వెళ్ళండి.

అమ్మలూ, నాన్నలూ! ఈ పేజీ మీరూ చదువుతున్నారని మాకు తెలుసు. పిల్లలు అడిగినప్పుడు కోప్పడకండి. మానటం కష్టమైతే డాక్టరు సాయం తీసుకోండి.

పాప కోసం చింతచెట్టు దాకా నడిచిన తాతయ్య, ఏదో ఒకనాడు చుట్ట లేకుండానే తిరిగి వస్తాడు!