అమ్మమ్మ ఫొటోను పెద్దది చేయడం: ప్లగిన్‌తోనా, విడి ప్రోగ్రాముతోనా?

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో స్వదేశం నుండి తెచ్చుకొన్న చిన్న నలుపు-తెలుపు ఫొటో ఒకటైనా ఉండడం కద్దు. అమ్మమ్మదో తాతయ్యదో అయిన ఆ చిత్రాన్ని పెద్దది చేసి పటం కట్టించుకోవాలన్న కోరిక సహజమే. అందుకు నేడు లభించే సాఫ్టువేరు రెండు విధాలు: ఫొటోషాప్ వంటి పెద్ద ప్రోగ్రామును ఆశ్రయించి పనిచేసే ప్లగిన్ ఒకటి, తనంత తాను నడిచే విడి ప్రోగ్రాము మరొకటి. వీటిలో ఏది తగినదో నిర్ణయించుకొనే ముందు, చిత్రం పెద్దది కావడమంటే ఏమిటో తెలుసుకోవాలి.

2 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు గల ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 21.6 లక్షల పిక్సెళ్ళు లభిస్తాయి. దానిని 8 × 12 అంగుళాల పటంగా, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 86.4 లక్షల పిక్సెళ్ళు కావాలి. అనగా ప్రతి నాలుగింటిలో మూడింటికి సరిపడా సమాచారం స్కానులో లేదు. దానిని కంప్యూటరే పూరించాలి. పూర్వపు పద్ధతులు పొరుగు పిక్సెళ్ళ విలువలను బట్టి కొత్తవాటిని లెక్కకట్టేవి. అందువల్ల చిత్రం మసకబారేది. నేటి కృత్రిమ మేధ, అసంఖ్యాకమైన ఇతర చిత్రాల నుండి నేర్చుకొన్న పోలికలతో ఆ ఖాళీలను నింపుతుంది.

1990ల ద్వితీయార్ధంలో వచ్చిన జెన్యూన్ ఫ్రాక్టల్స్ ఈ రంగంలో పేరొందిన ప్లగిన్. ఫొటోషాప్‌లోని ఫిల్టర్ తరహా ప్లగిన్ చిత్రపు కొలతలను మార్చజాలదు. కనుక అది చిత్రాన్ని తన సొంత ఫైలుగా భద్రపరచి, తిరిగి తెరిచేటప్పుడు కోరిన కొలతను ఇచ్చేది. ఆశ్రయించినవారికి ఆశ్రయమిచ్చినవారి నియమాలు తప్పవు కదా! ఫొటోషాప్ 64 బిట్ల రూపానికి మారినప్పుడు పాత 32 బిట్ల ప్లగిన్లు అందులో పనిచేయలేదు. అయితే ప్లగిన్ వల్ల సౌలభ్యమూ ఉన్నది. మరకలు తుడవడం, పెంచడం, సరిదిద్దడం ఒకేచోట సాగుతాయి.

డాలస్ నగరంలోని టోపాజ్ ల్యాబ్స్ 2018లో విడుదల చేసిన గిగాపిక్సెల్ విడి ప్రోగ్రాము. ఫొటోషాప్ లేనివారు కూడా ఇటువంటివి వాడుకోవచ్చును. ఆల్బములోని వంద ఫొటోలను వరుసగా ఇచ్చి, రాత్రంతా పని చేయనివ్వవచ్చును. కానీ దిద్దుబాట్లకై ఫలితాన్ని మరల వేరొక ప్రోగ్రాములో తెరవవలసి ఉంటుంది. ఇక అడోబీ సంస్థ 2021లో కెమెరా రాలో చేర్చిన సూపర్ రిజల్యూషన్ ప్రతి భుజాన్నీ రెండింతలు చేస్తుంది. పై ఉదాహరణకు అదే సరిపోతుంది. వేరే ప్లగిన్ కొనే ముందు ఈ సంగతి గమనించాలి.

సౌకర్యం కంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పల్స్ అనే ప్రోగ్రాముకు బరాక్ ఒబామా గారి మసక చిత్రాన్ని ఇవ్వగా, అది ఒక తెల్లజాతి వ్యక్తి ముఖాన్ని సృష్టించింది. యంత్రం ముఖాన్ని గుర్తుపట్టదు. తాను నేర్చిన ముఖాలకు దగ్గరగా ఊహిస్తుంది. అమ్మమ్మ ముక్కుపుడకను అది మచ్చగా భావించవచ్చు, చెంపపై పుట్టుమచ్చను మాపివేయవచ్చు.

కనుక ఆప్తుల ముఖమున్న ఒక్క ఫొటోకు, ఫొటోషాప్ అలవాటున్నవారికి, ప్లగిన్ మేలు. కృత్రిమ మేధ పెంచిన చిత్రాన్ని, పాత పద్ధతిలో అదే కొలతకు పెంచిన చిత్రంపై పొరగా ఉంచి, కళ్ళూ పెదవుల వద్ద పోలిక మారితే పైపొరను అక్కడ చెరిపివేయవచ్చును. ఇండ్లు, పొలాలు, పెండ్లి గుంపులు ఉన్న ఆల్బములకు విడి ప్రోగ్రాము చాలును. ఏది వాడినా మొదటి స్కానును మార్పు లేకుండా భద్రపరచండి. పటం సిద్ధమైన తరువాత ఆ ముఖాన్ని ఎరిగిన పెద్దలకొకసారి చూపించండి. అది తమ అమ్మ ముఖమో కాదో చెప్పగలవారు వారే. వారిని అడిగే అవకాశం ఎల్లకాలం ఉండదు.